‘ఆమె’ అంటే ఆమె తల
అంహారిక్ సర్వనామాల్లో స్త్రీ చరిత్ర

సర్వనామాలు చూడటానికి చిన్న మాటలు. నేను, నువ్వు, అతను, ఆమె. నిఘంటువుల్లో వాటికి పెద్ద చోటు కూడా దక్కదు. కానీ ఒక సమాజం ఎవర్ని మనిషిగా లెక్కపెడుతుంది, ఎవర్ని పక్కన కూచోబెడుతుంది, ఎవరి ముందు ఎవరు తల వంచాలి అనే సంగతులన్నీ ఆ చిన్న మాటల్లోనే ఇమిడి ఉంటాయి. పుట్టిన భాషలో ఈ సంగతి మనకి తట్టదు. ఊపిరి పీల్చడాన్ని ఎవరు గమనిస్తారు? పరాయి భాష దగ్గర ఓనమాలు దిద్దుకున్నప్పుడే, ‘నువ్వు’ అనే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సి వచ్చినప్పుడే, మన ‘నువ్వు’లో ఏముందో కూడా కనిపిస్తుంది. ఇథియోపియా భాష అంహారిక్ నాకు అలా ఉపయోగపడింది.

2000 తర్వాత ఇథియోపియాలో కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరుచుకున్నప్పుడు మన వైపు నుంచి చాలామంది అధ్యాపకులు అక్కడికి వెళ్ళారు. అంతకు ముందు, హైలె సెలాసీ చక్రవర్తి కాలంలోనే, భారతీయ ఉపాధ్యాయులు అక్కడి బడుల్లో పాఠాలు చెప్పేవారు. ఆ రెండో అలలో నేనూ వెళ్ళాను. తానా సరస్సు ఒడ్డునున్న బహర్‌దార్‌లో మూడేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అంహారిక్ మాత్రం మేం అద్దెకున్న ఇంటావిడ దగ్గరా, కూరల అంగడిలోనూ నేర్చుకున్నాను. అరబ్బీ, హీబ్రూలకి చుట్టమే అయినా అంహారిక్‌లో క్రియ తెలుగులో లాగే వాక్యం చివరికి వస్తుంది. చుట్టుపక్కల కుషిటిక్ భాషలతో శతాబ్దాల సహవాసం వల్ల అలా అయిందంటారు భాషావేత్తలు. అందుకని వాక్యం కట్టడం నాకేమీ కష్టంగా లేదు. కష్టమల్లా ఎదుటి మనిషిని పిలవడం దగ్గరే.

అంహారిక్‌లో ‘నువ్వు’ ఒకటి కాదు. ఎదుటివాడు మగవాడైతే ‘అంతె’. ఆడదైతే ‘అంచి’. గౌరవంగా పిలవాల్సినవాళ్ళయితే ‘ఇర్స్వొ’. చాలామందైతే ‘ఇన్నాంతె’. ఇవి కాక పల్లెల్లో పెద్దవాళ్ళని పిలిచే పాతకాలపు ‘అంతు’ ఒకటి ఉంది. ఇక్కడితో అయిపోదు. సర్వనామం నోటితో అనకపోయినా క్రియ దాన్ని మోసుకొస్తుంది. పొద్దున్నే ‘రాత్రి ఎలా గడిచింది’ అని పలకరించాలంటే మగవాణ్ణి ‘అదెర్క్’ అనీ, ఆడమనిషిని ‘అదెర్ష్’ అనీ, పెద్దవాళ్ళని ‘అదెరు’ అనీ అడగాలి. ‘రా’ అని పిలవాలన్నా మగపిల్లాడికి ‘నా’, ఆడపిల్లకి ‘నెయ్’. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే ఒక్క మాటలో కూడా ప్రేమించబడేది ఆడో మగో క్రియ మధ్యలో ఒక్క అక్షరం చెప్పేస్తుంది. ఎదురుగా ఉన్నది ఎవరో తేల్చుకోకుండా అంహారిక్‌లో నోరు విప్పలేం.

ఇందులో స్త్రీ రూపం పుట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. ‘అంచి’కి పాత రూపం ‘అంతి’. చివరి ఇకారం పక్కన ఉండటం వల్ల తకారం చకారమైంది. ‘అదెర్ష్’లోని షకారం కూడా పాత ‘కి’ మెత్తబడి వచ్చిందే. కన్నడంలో ‘కివి’ మనకి ‘చెవి’ అయినట్టే, ‘గిళి’ మనకి ‘చిలుక’ అయినట్టే. నాలుక ఎక్కడైనా అలాగే జారుతుంది. ఆ ఇకారం క్రియల చివర్నుంచి ఎప్పుడో రాలిపోయినా, దాని గుర్తు హల్లులో మిగిలిపోయింది. అచ్చు పోయినా ఆనవాలు పోలేదు. స్త్రీల చరిత్ర రాసేవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు. మనం వెతికేది కూడా అలాంటి ఆనవాళ్ళనే కదా.

ఇక ప్రథమ పురుష. అతను ‘ఇస్సు’, ఆమె ‘ఇస్వా’. రాతభాషలో ఇవి ‘ఇర్సు’, ‘ఇర్స్వా’. ఈ మాటల మూలం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రాచీన భాష గీజ్‌లో ‘రిస్’ అంటే తల. ‘అతని తల’ అనే మాట క్రమంగా ‘తనే, అతనే’ అనే అర్థానికీ, చివరికి ‘అతను’ అనే సర్వనామంలోకీ దిగింది. అలాగే ‘ఆమె తల’ ‘ఆమె’ అయింది. గౌరవ వాచకం ‘ఇర్స్వొ’లో ఉన్నదీ అదే తల. ఇప్పటికీ అంహారిక్‌లో ‘నేనే స్వయంగా’ అనాలంటే ‘నా తల’ అనే అంటారు. పొరుగున తిగ్రిన్యా భాషలో ఇవే సర్వనామాలు ‘నెఫ్స్’ అనే మాట నుంచి వచ్చాయి. నెఫ్స్ అంటే ప్రాణం, ఆత్మ. ఒక భాష మనిషిని తలతో గుర్తుపట్టింది, పక్క భాష ప్రాణంతో గుర్తుపట్టింది. రెండిట్లోనూ ఆడదానికి తలా ఉంది, ప్రాణమూ ఉంది. వ్యాకరణం ఆ మాత్రం ఇచ్చింది. మరి చరిత్ర ఏమిచ్చింది?

తలని అంహారిక్‌లో ‘రాస్’ అంటారు. అది సామ్రాజ్యంలో అత్యున్నతమైన బిరుదుల్లో ఒకటి కూడా. రాస్ అంటే పెద్ద ప్రభువు, సేనానాయకుడు. ఆ బిరుదు మగవాళ్ళది. 1916లో మెనెలిక్ చక్రవర్తి కూతురు జౌదీతుని సింహాసనం మీద కూచోబెట్టారు. ఆమెది చక్రవర్తి భార్య హోదా కాదు. ఏలిక హోదాలో ఆమెకిచ్చిన బిరుదుకి ‘రాజులకు రాణి’ అని అర్థం. ‘రాజులకు రాజు’ అనే పాత మగ బిరుదుకి స్త్రీ రూపం కట్టి మరీ ఇచ్చారు. అదే రోజుల్లో పరిపాలన చూడటానికి, వారసుడిగా ఉండటానికి ఒక మగవాణ్ణి నియమించారు. ఆయనే రాస్ తఫారి, తర్వాతి కాలపు హైలె సెలాసీ. సింహాసనం మీద ఆమె, తల మాత్రం వేరొకరు! 1930లో ఆమె చనిపోయేదాకా అధికారం కొద్దికొద్దిగా ఆ రెండో చేతిలోకి జారుతూనే ఉంది. 1955లో సవరించిన రాజ్యాంగం సింహాసనాన్ని మగ సంతానానికే పరిమితం చేసింది. బిరుదుకి స్త్రీ ప్రత్యయం తగిలించడం తేలిక. పదవికి తగిలించడమే కష్టం.

జౌదీతుకి ముందు మెనెలిక్ భార్య తాయ్‌తు కథ ఉంది. చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు అరుదుగా ఉన్న కాలంలో ఆమెకి ఆ రెండూ వచ్చు. 1889లో ఇటలీతో జరిగిన వుచాలె సంధిలో పదిహేడో అధికరణం అంహారిక్ ప్రతిలో ఒకలా, ఇటాలియన్ ప్రతిలో ఒకలా ఉంది. విదేశాలతో వ్యవహారాలకి చక్రవర్తి ఇటలీ సాయం ‘తీసుకోవచ్చు’ అని అంహారిక్ ప్రతి. తీసుకోవడానికి ‘ఒప్పుకున్నాడు’ అని ఇటాలియన్ ప్రతి. ఒక్క క్రియలో తేడా చూపించి ఇటలీ ఆ దేశాన్ని తన రక్షిత రాజ్యమని ప్రకటించుకుంది. ఆ మెలికని గట్టిగా ప్రతిఘటించినవాళ్ళలో తాయ్‌తు ముందు వరసలో ఉంది. 1896లో అద్వా యుద్ధానికి తన సైన్యంతో వెళ్ళింది. ఇటలీ ఓడిపోయింది. వ్యాకరణం పండితుల వ్యవహారమని ఎవరైనా అంటే నాకు ఈ కథ గుర్తొస్తుంది. ఒక దేశం స్వాతంత్ర్యం ఒక క్రియ మీద నిలబడగలిగితే, సగం జనాభా స్థానం ఒక సర్వనామం మీద నిలబడటంలో వింతేముంది?

వ్యాకరణ గ్రంథాలు మాత్రం మగవాళ్ళ చేతిలోనే నడిచాయి. ఐరోపాలో అంహారిక్ వ్యాకరణాన్ని జర్మన్ పండితుడు హియోబ్ లుడోల్ఫ్ 1698లో అచ్చు వేశాడు. ఆయనకి భాష నేర్పింది ఇథియోపియా నుంచి వచ్చిన అబ్బా గోర్గోర్యోస్ అనే మతాచార్యుడు. స్వదేశంలో చదువంతా చర్చి బడుల్లో, గీజ్ భాషలో, ముఖ్యంగా మగపిల్లలకి. వ్యాకరణాన్ని అక్కడ ‘సెవాసివ్’ అంటారు. ఆ మాటకి నిచ్చెన అని కూడా అర్థం. నిచ్చెన ఉంది సరే, ఎక్కనిచ్చిందెవర్ని? ఆడపిల్లల కోసం ఎంప్రెస్ మెనెన్ పాఠశాల తెరిచింది 1931లో. దానికి తర్వాత ప్రధానోపాధ్యాయురాలైన సెనెదు గెబ్రు రచయిత్రి, నాటకకర్త, ఇటలీ ఆక్రమణని ఎదిరించి జైలుకెళ్ళిన మనిషి. 1957లో ఎన్నికై దేశంలో మొదటి మహిళా పార్లమెంటు సభ్యురాలు కూడా ఆమే. సింహాసనాన్ని మగవాళ్ళకి రాసిచ్చిన ఆ రాజ్యాంగమే ఓటు మాత్రం ఆడవాళ్ళకీ ఇచ్చింది.

భాష లోపల ఇంకో నష్టం జరిగింది. గీజ్‌లో బహువచనంలో కూడా స్త్రీకి వేరే రూపం ఉండేది. చాలామంది మగవాళ్ళని ‘అంతిము’ అనీ, చాలామంది ఆడవాళ్ళని ‘అంతిన్’ అనీ పిలిచేవారు. గీజ్ అంహారిక్‌కి కన్నతల్లి కాదు, పెద్దమ్మ వరస. ఆ పెద్దమ్మ ఇంట్లో ఉన్న స్త్రీ బహువచనం అంహారిక్‌కి వచ్చేసరికి మాయమైంది. ‘ఇన్నాంతె’ అంటే మీరందరూ, ఆడా మగా కలిపి. అందులో వినిపించే ‘అంతె’ మగ ‘నువ్వు’. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న గదిలోకి వెళ్ళి ‘మీరంతా’ అన్నా, మగ ‘నువ్వు’ని పెంచి పిలిచిన రూపమే వాడాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ‘అంచి’గా గుర్తింపు ఉన్న స్త్రీ, తోటి స్త్రీలతో చేరగానే పురుష రూపంలో కలిసిపోతుంది.

ఇక్కడ నాకు తెలుగు అడ్డం తిరిగి కనిపించింది. మనకి ‘నువ్వు’లో లింగభేదం లేదు, ‘వచ్చావు’లోనూ లేదు. మన పేచీ అంతా ప్రథమ పురుష ఏకవచనంలో. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చేసిన విభజన మనలో చాలామందికి బడిలో వల్లె వేయించిందే. మగవాళ్ళు ‘మహత్తు’లు, పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ ‘అమహత్తు’లు, ఆడవాళ్ళు మధ్యలో ‘మహతు’లు. ఏకవచనంలో అమహత్తుల పంక్తిలో కూచుని, బహువచనంలో మహత్తుల పంక్తిలోకి లేచి వెళ్తారు. ‘ఆడవాళ్ళు వచ్చారు’ అన్నప్పుడు మాత్రం మనుషులం. ఇది సూరి కల్పించింది కాదు. ద్రావిడ భాషల తొలి దశలోనే ఏకవచనంలో విభజన ‘పురుషుడు, పురుషుడు కానిది’ అని ఉండేదని భద్రిరాజు కృష్ణమూర్తి వాదించారు. తమిళ, కన్నడాలు ‘అవళ్’, ‘అవళు’ అని స్త్రీకి వేరే రూపం, దానికి తగ్గ క్రియ తర్వాత కట్టుకున్నాయి. మనం కట్టుకోలేదు. అంటే అంహారిక్ స్త్రీ ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తింపు పొంది గుంపులో మాయమవుతుంది. తెలుగు స్త్రీ ఒంటరిగా వస్తువుల పక్కన నిలబడి, గుంపులో మనిషవుతుంది. సంఘం పెట్టుకుంటే తప్ప వ్యాకరణం మనల్ని మనుషులుగా ఒప్పుకోదన్నమాట!

ఏకవచనంలో ఉండగానే మనిషి కావడానికి తెలుగు స్త్రీకి ఒక దారి ఉంది. అది గౌరవం. ‘ఆవిడ వచ్చారు’. అంహారిక్‌లోనూ సరిగ్గా ఇదే దారి. గౌరవించాల్సిన వ్యక్తి గురించి చెప్పేటప్పుడు ‘ఇస్సాచెవ్’ అంటారు. క్రియ ‘మెట్టు’, అంటే ‘వచ్చారు’. ఆడైనా మగైనా అదే మాట, అదే క్రియ. గౌరవం లింగాన్ని చెరిపేస్తుంది. 2018 అక్టోబరులో సాహ్లె వర్క్ జౌదె దేశాధ్యక్షురాలయ్యారు. ఆధునిక ఇథియోపియాలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. 2024 అక్టోబరు దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆ ఆరేళ్ళూ ఆమె గురించి గౌరవంగా రాసిన వార్తల్లో క్రియలు చూసి అధ్యక్ష స్థానంలో ఉన్నది స్త్రీ అని కనిపెట్టడం సాధ్యం కాదు. పేరు తీసేస్తే ఆమె ముందటి మగ అధ్యక్షులకీ ఆమెకీ తేడా లేదు. దీన్ని సమానత్వం అనాలా, కనిపించకపోవడం అనాలా?

తిగ్రిన్యాలో ఇలా జరగదు. అక్కడ బహువచనంలో స్త్రీ రూపం నిలిచే ఉంది. వాళ్ళు మగవాళ్ళైతే ‘నిసొమ్’, ఆడవాళ్ళైతే ‘నిసెన్’. ఒక్క స్త్రీని గౌరవంగా చెప్పాలన్నా ‘నిసెన్’ అనే అంటారు. గౌరవం ఇస్తూనే స్త్రీని స్త్రీగా ఉంచే వ్యాకరణం అది. నాకు మొదట ఇది ఆదర్శంగా తోచింది. కానీ భాష అలా ఉన్నంత మాత్రాన ఆ నేల మీద ఆడవాళ్ళ బతుకు అలా ఉందని చెప్పలేం. 2020 నుంచి 2022 దాకా సాగిన తిగ్రాయ్ యుద్ధంలో స్త్రీల మీద జరిగిన లైంగిక హింసని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లోనే నమోదు చేసింది. ఆ నేరాలు మోపబడినవాళ్ళలో ఇథియోపియా సైనికులతో పాటు ఎరిత్రియా సైనికులూ ఉన్నారు. ఎరిత్రియాలో కూడా తిగ్రిన్యా ప్రధాన భాషే. వ్యాకరణం మనిషిని కాపాడదు. మనిషిని ఎలా చూస్తున్నామో చూపిస్తుంది, అంతవరకే.

అదీకాక, గౌరవ వాచకం అందరికీ దక్కేది కాదు. మా ఇంటావిడని వీధిలో అందరూ ‘ఇర్స్వొ’ అనేవారు. వాళ్ళింట్లో పనిచేసే పదహారేళ్ళ పిల్లని ఆ ఇంటి ఏడేళ్ళ పిల్లాడు ‘అంచి’ అనేవాడు. ఆ పిల్ల పల్లె నుంచి చదువుకుందామని ఊరొచ్చి ఇంటిపనిలో కుదిరింది. కాఫీ గింజలు వేయించేటప్పుడు ఆ పిల్లా నేనూ ఒకళ్ళనొకళ్ళం ‘అంచి’ అనుకునేవాళ్ళం. అప్పుడా మాటలో ఎంత చనువు, ఎంత తియ్యదనం! అదే మాట పిల్లాడి నోట్లో ఆజ్ఞ. హైదరాబాదులో మన వంటింట్లోకి వచ్చే మనిషి వయసెంతైనా ‘నువ్వే’ కదా. పల్లెల్లో దళిత వృద్ధురాల్ని పెద్దకులం పిల్లలు ‘ఏమే’ అని పిలవడం మనం విన్నదే. ‘అది వచ్చిందా?’ అన్నప్పుడు ఆ ‘అది’ ఎవరో మనకి చెప్పనక్కర్లేదు. అధ్యక్షురాలికి లింగం చెరిగిపోయేదీ, పనిమనిషికి లింగం తప్ప మరేమీ మిగలనిదీ ఒకే వ్యాకరణంలోనే. కాబట్టి పేచీ లింగంతో మాత్రమే కాదు, వర్గంతో కూడా, కులంతో కూడా.

భార్యాభర్తల మధ్య లెక్క ఇంకా తేటగా ఉంటుంది. మా ఇంటావిడ వాళ్ళమ్మకి అప్పటికి ఎనభై దాటాయి. ఆవిడ తన భర్తని జీవితమంతా ‘అంతు’ అనే పిలిచిందట. ఆయన ఆవిణ్ణి ‘అంచి’ అన్నాడు. ఇంటావిడ తన భర్తని ‘అంతె’ అంటుంది. ‘ఇది ఎప్పుడు మారింది?’ అని అడిగాను. పట్నం వచ్చాక, తనూ జీతం తెచ్చుకోవడం మొదలుపెట్టాక అంది. ‘మా అమ్మకి ఇప్పటికీ చెవికి గుచ్చుకుంటుంది’ అని నవ్వింది. మన ఇళ్ళలో ‘ఏమండీ’లూ, పేరు పలక్కుండా గడిపిన మన అమ్మల జీవితాలూ నాకు గుర్తొచ్చాయి. ఆయన ‘మీరు’, ఆవిడ ‘నువ్వు’. అంహారిక్‌లో భర్తని ‘బాల్’ అంటారు. దానికి సొంతదారు అని కూడా అర్థం. అంగడి సొంతదారుణ్ణి ‘బాలె సూఖ్’ అంటారు. మన ‘భర్త’ భరించేవాడు, ‘యజమాని’ యజమానే. ఏ భాషనీ ఎత్తి చూపించే స్థితిలో మనం లేము.

చనువు కొన్నిసార్లు ఈ లెక్కని తలకిందులు చేస్తుంది. ముద్దొచ్చినప్పుడు తల్లులు కొడుకుని ‘అంచి’ అనీ, కూతుర్ని ‘అంతె’ అనీ పిలుస్తారు. మనం కూతుర్ని ‘ఏరా’, ‘నాన్నా’ అనీ, కొడుకుని ‘నా తల్లే’ అనీ అన్నట్టే. అయితే ఇది పసితనం దాకానే. ఎదిగిన మగవాణ్ణి ‘అంచి’ అంటే తిట్టు. మన దగ్గర ‘ఏమే’ అన్నా అంతే. ఇంకో సంగతి. అంహారిక్‌లో ఏ వస్తువునైనా చిన్నదిగా, ముద్దుగా చెప్పాలంటే దాన్ని స్త్రీలింగంలో చెప్తారు. బుల్లి ఇల్లు స్త్రీలింగం. ఎవరొచ్చారో తెలియనప్పుడు అడిగే ‘ఎవరు వచ్చారు’ మాత్రం పుంలింగం. చిన్నతనం ఆడది, మనిషితనం మగది.

ఈ ‘ఎవరు’ అనే ప్రశ్న న్యాయస్థానంలోకి వెళ్ళినప్పుడు మాట ముద్దుగా ఉండదు. ఫ్రెంచి న్యాయశాస్త్రవేత్త రెనె దవీద్ ముసాయిదా రాయగా 1960లో వచ్చిన ఇథియోపియా పౌరస్మృతి భర్తే కుటుంబానికి అధిపతి అని ప్రకటించింది. భార్య విధేయంగా ఉండాలంది. ‘ఆమె’ అంటేనే ‘ఆమె తల’ అయిన భాష మాట్లాడే ఇళ్ళలో, ఇంటికి తల ఒక్కటే, అది ఆయనదే అని చట్టం చెప్పింది. 1957 నాటి శిక్షాస్మృతి అయితే అమ్మాయిని ఎత్తుకుపోయినవాడు ఆమెని పెళ్ళి చేసుకుంటే శిక్ష తప్పించింది. ఈ రెంటితోనూ అక్కడి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడారు. మెయాజా అషెనాఫి తదితరులు 1995లో ఇథియోపియా మహిళా న్యాయవాదుల సంఘం పెట్టారు. ఎత్తుకుపోయినవాణ్ణి చంపిన ఒక బడిపిల్ల తరఫున ఆ సంఘం వాదించి గెలిచింది. ఆ కేసే 2014లో ‘దిఫ్రెత్’ సినిమా అయింది. ఆ పేరుకి సాహసం అనీ, అత్యాచారానికి గురికావడం అనీ రెండర్థాలు. 2000లో కొత్త కుటుంబ చట్టం వచ్చి భర్త ఆధిపత్యాన్ని తీసేసింది. 2005లో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పెళ్ళి మినహాయింపు లేదు. మెయాజా 2018లో దేశ సుప్రీంకోర్టు అధ్యక్షురాలయ్యారు.

1995 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగంలో ఏడో అధికరణం చాలా చిన్నది. ఈ రాజ్యాంగంలో పుంలింగంలో రాసినవన్నీ స్త్రీలకి కూడా వర్తిస్తాయి అని మాత్రమే చెప్తుంది. ముప్పై అయిదో అధికరణం స్త్రీల హక్కుల్ని వివరంగా చెప్పి, చరిత్రలో వాళ్ళకి జరిగిన అన్యాయాన్ని కూడా ఒప్పుకుంటుంది. సందేహం వస్తే అంహారిక్ ప్రతే ప్రమాణమని ఇంకో అధికరణం. కాబట్టి అంహారిక్‌లోని ప్రతి మగ క్రియనీ ఆ ఏడో అధికరణంతో కలిపి చదువుకోవాలి. మనకీ 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదమూడో సెక్షనులో ఇదే మాట ఉంది. పుంలింగ పదాల్లో స్త్రీలూ చేరతారని. మన రాజ్యాంగానికి అర్థం చెప్పడానికి కూడా ఆ చట్టమే ఆధారం. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు ‘రాష్ట్రపతి’లో ‘పతి’ ఏం చెయ్యాలని చర్చ లేచింది. చట్టం మనల్ని ‘చేర్చుకుంటుంది’. చేర్చుకోవడం అంటే ఇల్లు వాళ్ళది, మనం తర్వాత వచ్చినవాళ్ళం అనే కదా?

అయితే రాసే స్త్రీలకి అంహారిక్ ఒక వెసులుబాటు ఉంచింది. ‘నేను’కి, అంటే ‘ఇనే’కి, లింగం లేదు. ‘ఇఞ్ఞ’ అనే ‘మేము’కీ లేదు. ‘నేను వెళ్ళాను’ అన్న క్రియలోనూ లేదు. హిందీలో ‘వెళ్తున్నాను’ అనగానే ఆడో మగో బయటపడిపోతుంది. అంహారిక్‌లోనూ తెలుగులోనూ ‘నేను’ ముసుగేసుకోగలదు. ‘నువ్వు’ మాత్రం అంహారిక్‌లో దాక్కోలేదు. ఎవరినో ఉద్దేశించి రాసిన కవితలో కవి ఎవరో తెలియకపోవచ్చు, కవిత ఎవరి కోసమో తెలిసిపోతుంది. తెలుగు కవితలో రెండూ దాచవచ్చు. అంటే తెలుగులో రాసే స్త్రీకి ‘నేను’, ‘నువ్వు’ అనే రెండు గదులు ఖాళీగా, లింగం గుర్తులు లేకుండా దొరికాయి. స్త్రీవాద కవిత్వం ఉత్తమ పురుషలోనే ఎందుకంత బలంగా పలికిందన్న ప్రశ్నకి జవాబు రాజకీయాల్లోనూ అనుభవంలోనూ ఉంది, నిజమే. కొంత ఈ వ్యాకరణంలోనూ ఉందేమో అనిపిస్తుంది. ‘ఆమె వచ్చింది’ అంటే వస్తువుల సరసన నిలబడాలి. ‘నేను వచ్చాను’ అంటే ఎవరి సరసనా నిలబడక్కర్లేదు.

మరి ‘ఆమె వచ్చింది’ని ఏం చెయ్యాలి? అందరికీ ‘వచ్చారు’ అనేద్దామని కొందరంటారు. పనిమనిషినీ, కూరలమ్మినీ, పసిపిల్లనీ కూడా. నాకది బాగానే ఉంటుంది. కానీ ‘అందరికీ’ అన్న మాట మీద రాజీ పడకుండా ఉంటేనే. అధ్యక్షురాలికి ఒకటి, అంట్లు తోమే మనిషికి ఒకటి అయితే మనం లింగం తీసేసి ఆ చోట వర్గాన్ని కూచోబెట్టినట్టే. ఇంకొందరు తమిళ, కన్నడాల్లా, తిగ్రిన్యాలా స్త్రీకి తనదైన క్రియా రూపం కావాలంటారు. భాషలో కొత్త ప్రత్యయాలు తీర్మానాలతో పుట్టవు. వాడకంలో పుడతాయి. ‘వైజెరొ’ అనే మాట ఒకప్పుడు ఇథియోపియాలో రాచకుటుంబాల స్త్రీలకే చెందేది. ఇరవయ్యో శతాబ్దంలో అది పెళ్ళయిన ప్రతి ఆడమనిషి పేరు ముందుకీ వచ్చింది, కూరలమ్మి పేరు ముందుకి కూడా. దాన్ని కిందికి దించింది పండితులు కాదు. కాగితాల మీదా, వీధుల్లోనూ, పలకరింపుల్లోనూ వాడిన జనం.

మా ఇంటావిడ తన భర్తని ‘అంతె’ అనడానికి ఏ వ్యాకరణం అనుమతీ తీసుకోలేదు. జీతం తెచ్చుకుంది, ఒకరోజు అనేసింది. ఆ మాట వాళ్ళమ్మ చెవికి గుచ్చుకుంది, కూతురు చెవికి గుచ్చుకోదు. మన చెవులకి ఇంకా ఏ మాటలు గుచ్చుకుంటున్నాయో, ఏవి గుచ్చుకోవడం మానేశాయో మనం ఒకసారి రాసి పెట్టుకోవాలి. మన సర్వనామాల చరిత్ర మొదలయ్యేది అక్కడే.